జలపతి సార్ విడదీయలేని సంఖ్య

ముందే చెబుతున్నాను, ఇది ఒక సంఖ్య కథ. లేచి వెళ్లిపోకండి, మీతో లెక్కలేమీ చేయించను. కూడిక వస్తే చాలు. ఆ కూడికే కోరుట్లలో ఫంక్షన్ హాలు నిండా కూర్చున్న నాలుగు వందల మందికి ఒక పూటంతా రాలేదు. వచ్చినవాళ్లం ఇద్దరమే ఇద్దరం. ఒకరు అక్షరం ముక్క రాని నేత పనావిడ. రెండోదాన్ని నేను, తరన్నుమ్, ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ. మా ఇద్దరిలో నిజం చెప్పింది ఎవరో మీరే చూద్దురు గాని.

ఆ సంఖ్య ఇది: 12345678987654321. పదిహేడు అంకెలు. ఒకటి నుంచి తొమ్మిది దాకా మెట్లెక్కి, మళ్లీ ఒకటి దాకా మెట్లు దిగింది. ఎటు నుంచి చదివినా ఒకటే. తొమ్మిది ఒకట్లు పక్కపక్కన రాసి, ఆ సంఖ్యను దానితోనే హెచ్చిస్తే వచ్చేది ఇదే. నేను ఏడో తరగతి పిల్లలకు బోర్డు మీద వరుసగా చేసి చూపించాను. పదకొండును పదకొండుతో హెచ్చిస్తే 121. నూట పదకొండును నూట పదకొండుతో హెచ్చిస్తే 12321. అట్లా పెంచుకుంటూ పోయి ఆఖరున దీన్ని రాసేసరికి, వెనక బెంచీ మీద రోజూ నిద్రపోయేవాడు కూడా లేచి "అబ్బా!" అన్నాడు. ఇరవై ఏళ్ల నౌకరీలో నాకు దక్కిన సన్మానం అదొక్కటే. నా ఖర్మ కొద్దీ అదే సమయంలో కిటికీ అవతల మా కరస్పాండెంట్ జలపతి సార్ నిలబడి ఉన్నాడు.

కరస్పాండెంట్ అంటే మా దగ్గర బడికి యజమాని. జలపతి సార్‌కు జగిత్యాలలో బోరు మోటార్ల దుకాణం ఉండేది. మోటార్లలో కంటే పిల్లల్లో మంచి బేరం ఉందని కోరుట్ల వచ్చి "విశ్వశిఖర టాలెంట్ స్కూల్" పెట్టాడు. ఇప్పటికీ ఏ పిల్లవాడినైనా చూస్తే ఎన్ని హార్స్ పవరో అంచనా వేస్తున్నట్టే చూస్తాడు. బెల్లు కొట్టగానే నన్ను వరండాలో ఆపాడు.

"మేడం, గీ నంబర్ ఎవ్వలు కనిపెట్టిన్రు?"

"ఎవరు కనిపెట్టుడేంది సార్, లెక్క జేస్తే అస్తది."

"అంటే ఇంకా ఎవ్వల పేరు మీద లేదన్నట్టు," అన్నాడు. ఖాళీ ప్లాటు చూసినవాడి ముఖం అది. నాకు అప్పుడే అర్థమై ఉండాల్సింది.

వారం తిరక్కముందే బడి గేటు మీద పదిహేడు ఇత్తడి అంకెలు వెలిశాయి. కింద ఎర్ర రంగుతో "ఎవరూ విడదీయలేని ప్రధాన సంఖ్య. విశ్వశిఖర ఆవిష్కరణ" అని రాయించాడు. జగిత్యాలలో పేర్లు మార్చే న్యూమరాలజీ ఆయన ఒకడున్నాడు. ఆయన దీన్ని చూసి, రెండు వైపులా ఒకే తీరుగా ఉంది కాబట్టి ఎవడూ విడగొట్టలేడని తేల్చాడట. మా తెలుగు సారు శ్రీధర్ దాని మీద ఒక పద్యం కూడా కట్టేశాడు. "నాకు లెక్కలు రావు మేడం, అందుకే సుఖంగున్న," అన్నాడు నేను కళ్లెర్ర చేస్తే.

ప్రధాన సంఖ్య అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ శేషం లేకుండా భాగం పోనిది. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, ఇట్లా. ఆరో తరగతి పాఠం. గేటు కింది నుంచి ఆరో తరగతి పిల్లలు రోజూ లోపలికొస్తున్నారు, ఆ గేటు మీద ఏముందో నేను చూడనట్టు లోపలికెళ్లి వాళ్లకు అదే పాఠం చెప్పాలి. రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు ఆఫీసు గదిలోకి పోయాను.

"సార్, గది ప్రధాన సంఖ్య కాదు. మూడుతోని పోతది."

"ఎట్ల పోతది?"

"అంకెలన్ని కూడున్రి. ఎనభై ఒకటి అస్తది. అంకెల మొత్తం మూడుతోని పోతే సంఖ్య గూడ మూడుతోని పోతది. మూడే కాదు సార్, తొమ్మిదితోని పోతది, ముప్పై ఏడుతోని పోతది. గింత సులువుగ విడివడే సంఖ్య మీకు మళ్ల దొరకదు."

జలపతి సార్ ఫోన్ తీసి, నాలుక కొరుక్కుంటూ పదిహేడు అంకెలు కొట్టి, మూడుతో భాగించి, తెర నా ముఖం ముందు పెట్టాడు.

"సూడున్రి. నాలుగు, పక్కన చుక్క. చుక్క అచ్చిందా లేదా?"

"గది శేషం చుక్క గాదు సార్. ఆఖర్న ఈ అనే అక్షరం, పక్కన పదిహేను ఉన్నది సూడున్రి. సంఖ్య పెద్దదైతే ఫోన్ గట్ల కుదించి సూపిస్తది."

"చుక్క అచ్చిందంటే పోలేదన్నట్టే. మేం గూడ సదువుకున్నం మేడం."

నేను కాగితం లాక్కుని భాగహారం మొత్తం చేసి చూపించాను. 4115226329218107. శేషం సున్నా. "గీంట్ల చుక్కెక్కడున్నది సార్?" అన్నాను. ఆయన కాగితాన్ని కిందికీ మీదికీ చూసి, "మీరు పెట్టుడు మర్శిపోయిన్రు," అన్నాడు. తల గోడకు కొట్టుకోవాలంటే గోడ కూడా ఆయనదే.

ఇంతలో ఆయనకు ఎక్కడినుంచో రికార్డుల పుస్తకం వాళ్లు తగిలారు. ఎవడు ఏం చేసినా ప్రపంచ రికార్డు అని ఫ్రేము కట్టిచ్చే బాపతు. డిసెంబరు ఇరవై రెండున గణిత దినోత్సవం కదా, ఆ రోజు "ప్రధాన సంఖ్యను నేసిన ప్రపంచపు తొలి శాలువా" అని రికార్డు కొట్టాలని సార్ తీర్మానించాడు. శాలువా సిరిసిల్లలో నేయించాలి. నమూనా ఎట్లుండాలో చెప్పిరావడానికి లెక్కల మేడం కావాలి. అంటే నేను. ఒకరోజు సెలవు ఇస్తున్నట్టు ముఖం పెట్టి, కథలాపూర్, రుద్రంగి, వేములవాడ మీదుగా పోయే బస్సు ఎక్కించాడు.

సిరిసిల్ల బీవై నగర్‌లో సంపత్ అనే ఆయన షెడ్డు. ఎనిమిది సాంచెలు ఒకేసారి ఆడుతుంటే పక్క మనిషి మాట వినిపించదు. మరమగ్గాన్ని వాళ్లు సాంచ అంటారు. సంపత్ నాతో అరుస్తూ మాట్లాడి మాట్లాడి, ఇక చాలక వెనక గదిలోకి తీసుకుపోయాడు. అక్కడ చప్పుడు తక్కువ. అరవై దాటిన రాజవ్వ నేల మీద కూర్చుని, పడుగు పోగులను, అంటే నిలువు దారాలను, ఒక్కొక్కటే మగ్గం తీగల సన్నని కంతల్లోంచి లాగి కడుతోంది. సంపత్‌కు అత్తగారు. ఆ షెడ్డులో ఏ పడుగు ఎక్కాలన్నా ఆమె చేతిలోంచే పోవాలి.

నేను కాగితం మీద గీసి చూపించాను. తెల్ల బట్ట. దాని మీద నిలువుగా లావు ఎర్ర పోగులు. మొదట ఒకటి, కొంచెం జాగా, రెండు, జాగా, మూడు, అట్లా మధ్యలో తొమ్మిది దాకా పోయి మళ్లీ తగ్గుకుంటూ ఒకటి దాకా రావాలి. రాజవ్వ కాగితం అడ్డం తిప్పి, నిలువు తిప్పి చూసింది.

"మొత్తం ఎన్ని ఎర్ర పోగులు బిడ్డా?"

"ఎనభై ఒకటి అవ్వా."

"నేను మూడు మూడు తీస్త. గట్లయితే చెయ్యి మర్శిపోదు." వేళ్ల మధ్య ఎర్ర దారం మడత పెట్టి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంది. "ఇర్వై ఏడు పట్లు. ఒక్కటి మిగుల్తలేదు. సక్కటి లెక్క."

నాకు ఏడుపొచ్చినంత పనైంది, నిజం. బడిలో నలుగురు టీచర్లు, ఒక కరస్పాండెంట్, ఒక న్యూమరాలజీ పండితుడు, ఫోన్‌లో కాలిక్యులేటర్, ఇంతమంది కలిసి పట్టుకోలేని ముక్క ఈమె వేళ్ల మధ్య దారంతో పట్టుకుంది. ఆమె పక్కన కూర్చుని చెప్పాను. "అవ్వా, గీ నంబర్ మూడుతోని పోతదంటే మా సార్ ఒప్పుకుంటలేడు."

"గదేంది బిడ్డా, సేతికి తెలుస్తలేదా?"

"ఆయన చెయ్యి పెడితే గదా తెలిసేది."

రాజవ్వ పడిపడి నవ్వింది. అప్పుడు సంపత్‌కు ఒక అనుమానం వచ్చింది. "మేడం, ఎర్ర పోగు మల్ల అంచుల పెట్టొద్దు. అటొక వేలెడు ఇటొక వేలెడు తెల్లది ఇడ్వాలె. అంచుల ఒంటి పోగు ఆగదు, సాంచ మీదనే తెగుతది," అన్నాడు. నేను జలపతి సార్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

"తెల్లది ఎందుకు ఇడుస్తరు? అంచు నుంచి అంచుదాక నా నంబరే ఉండాలె! ఇంకోటి కనవడొద్దు!"

సంపత్ నా ముఖం చూశాడు, నేను సంపత్ ముఖం చూశాను. రాజవ్వ తల కూడా ఎత్తలేదు. "కానియ్యిన్రి. అంచు సంగతి నేను సూసుకుంట," అంది. ఏం చూసుకుంటుందో నేను అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ వేరుగా ఉండేదేమో, బస్సుకు టైమైందని లేచొచ్చాను.

ఆ బస్సులో మంచి ఊపు మీద ఉన్నాను నేను. రేపు పోయి రికార్డు వాళ్లకే చెప్పేస్తాను, గేటు మీది ఇత్తడి అంకెలు ఒక్కొక్కటే ఊడబెరికిస్తాను అనుకుంటూ రుద్రంగి దాటాను. కథలాపూర్ దగ్గర ఫోన్ మోగింది. సర్కారు టీచరు పోస్టులకు నేను రాసిన డీఎస్సీ జాబితా వచ్చింది. ఒక పోస్టుకు ముగ్గురిని పిలిచారు, ఆ ముగ్గురిలో నా పేరు మొదటిది. ఇరవై నాలుగో తారీఖు జగిత్యాలలో సర్టిఫికెట్ల పరిశీలన. ఒరిజినల్స్ అన్నీ వెంట తెచ్చుకోవాలి, ఒక్కటి లేకపోయినా తర్వాతి మనిషికి పోతుంది. ఈసారి తప్పితే నా వయసు దాటిపోతుంది, ఇంకో పరీక్ష రాయనివ్వరు.

నా ఒరిజినల్స్, పదో తరగతి మెమో నుంచి బీఈడీ దాకా, జలపతి సార్ బీరువాలో ఉన్నాయి.

ఇది బయటివాళ్లకు చెబితే నమ్మరు. ప్రైవేటు బడిలో చేరేటప్పుడు టీచరు తన ఒరిజినల్ సర్టిఫికెట్లు యజమాని చేతిలో పెట్టాలి. నడిమధ్యలో మానేయకుండా అట. ఎవరూ చట్టం అడగరు, అందరూ ఇస్తారు, నేనూ ఇచ్చాను. మర్నాడు వెళ్లి అడిగితే సార్ కుర్చీ ఊపుకుంటూ నవ్వాడు.

"అయ్యో, ఇయ్యనన్ననా మేడం? గవర్నమెంటు నౌకరి అస్తే మాకు సంతోషం కాదా? ఇర్వై రెండు నాడు ఫంక్షన్ అయిపోనియ్యిన్రి, ఇంత తీర్గ చేతుల వెడ్త." ఇంత తీరుగ అని అరచేయి చాపి చూపించాడు. ఆ తర్వాత అదే చేత్తో ఒక కాగితం నా వైపు జరిపాడు. "గీడ ఒక్క సంతకం కావాలె. రికార్డు బుక్కోళ్లు లెక్కల టీచర్ సంతకం అడుగుతున్నరు."

కాగితం మీద టైపు చేసి ఉంది: శాలువాపై నేసిన ఈ సంఖ్య ప్రధాన సంఖ్య అని గణిత ఉపాధ్యాయినిగా ధ్రువీకరిస్తున్నాను.

"సార్, ఇది అబద్ధం."

"సంతకం వెట్టుడు, ఫైలు దీస్కవోవుడు. గంతే ముచ్చట. నిజం, అబద్ధం అంటే ఫంక్షన్ అయినంక తీర్గ కూసొని మాట్లాడుకుందాం. సంక్రాంతి ఎల్లినంక అన్న."

సంక్రాంతి ఎల్లినంక అంటే పోస్టు పక్కవాళ్లకు పోయినంక. వాడికి లెక్కలు రావని ఎవరన్నారు?

ఇంట్లో మేం ఉర్దూలోనే కొట్లాడుకుంటాం, మీకోసం తెలుగులో చెబుతున్నా. మా ఆయన ఫిరోజ్ రియాద్‌లో ఏసీలు బిగిస్తాడు. ఫోన్‌లో అంతా విని, "సంతకమే కదా అడిగిండు, కిడ్నీ కాదు కదా?" అన్నాడు. మా అమ్మ వహీదాబీ బియ్యంలో రాళ్లు ఏరుతూ, "మూడుతో పోతే పోతుంది, పోకుంటే పోదు. ఆ మూడు నీకు తిండి పెడుతుందా బేటీ?" అంది. ఇద్దరి మీదా అరిచాను. పళ్లెం విసిరేసినంత పని చేశాను. లెక్క అంటే ఏమనుకున్నారు, అది ఎవడి దయ మీదా ఆధారపడదు, అందుకే కదా నేను దాన్ని పట్టుకుని ఇన్నేళ్లు బతికింది అని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. పొద్దున లేచి, చీరకు మంచి పిన్ను పెట్టుకుని, బడికి పోయి సంతకం పెట్టాను.

ఇప్పుడు తిట్టుకోండి. నేను ఎదురు చెప్పను.

ఇరవై రెండో తారీఖు. ఫంక్షన్ హాలుకు తోరణాలు, డప్పులు, వేదిక వెనక పదిహేడు అంకెల ఫ్లెక్సీ, ఆ అంకెలకంటే పెద్దగా జలపతి సార్ బొమ్మ. నమస్కారం పెడుతున్న బొమ్మ. రికార్డుల పుస్తకం ప్రతినిధి కోటు వేసుకుని, అప్పటికే ఫ్రేము కట్టి తెచ్చిన సర్టిఫికెట్‌ను కాగితంలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం ఆయనకు ఇంకెక్కడో పది వేల ఇడ్లీల రికార్డు ఉందట, గడియారం చూసుకుంటున్నాడు. శ్రీధర్ సార్ మైకు పట్టుకుని సంఖ్యను మాటల్లో చదివాడు. "నూట ఇరవై మూడు కోట్ల నలభై ఐదు లక్షల అరవై ఏడు వేల ఎనిమిది వందల తొంభై ఎనిమిది కోట్ల డెబ్బై ఆరు లక్షల యాభై నాలుగు వేల మూడు వందల ఇరవై ఒకటి!" నడుమ ఒకసారి నీళ్లు తాగాడు. జనం చప్పట్లు కొట్టారు, పాపం ఊపిరి అందినందుకు.

తర్వాత శాలువా. సిరిసిల్ల నుంచి సంపత్, రాజవ్వ స్వయంగా తెచ్చారు. నేను దాన్ని చూడటం అదే మొదలు. ఇద్దరు పిల్లలు అటూ ఇటూ పట్టుకుని విప్పారు. ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను, అబద్ధమైతే ఏం, తెల్ల బట్ట మీద ఎర్ర పోగులు నడుమకు చిక్కబడుతూ, మళ్లీ పలచబడుతూ. దాని ముందు పదిహేడు మంది పిల్లలు వరుసగా నిలబడ్డారు. ఒక్కొక్కరు తమ ముందున్న పోగులు వేలితో లెక్కపెట్టి మైకులో అంకె చెప్పాలి. పది రోజులు రిహార్సల్ చేయించారు. మొదటి అంకె నాలుగో తరగతి జేబాది.

జేబా వంగి, వేలు పెట్టి చూసి, మైకులో గట్టిగా చెప్పింది. "రెండు!"

జలపతి సార్ నవ్వాడు. "భయపడ్డది. ఒకటి అను బిడ్డా."

"రెండున్నయి సార్."

"ఒకటి అనాలె అని చెప్పిన్రా లేదా?"

"చెప్పిన్రు. కని రెండున్నయి."

సార్ మైకు తర్వాతి పిల్లవాడికి లాగేశాడు. రెండు, మూడు, నాలుగు, వరుసగా తొమ్మిదికి పోయి దిగారు. ఆఖరి అంకె తొమ్మిదో తరగతి క్లాసు లీడర్‌ది. వాడు పోగుల వైపు చూడకుండానే సార్ వైపు చూసి "ఒకటి!" అన్నాడు. మంచి భవిష్యత్తు ఉంది వాడికి. జేబా ఊరుకుంటుందా? ఆ చివరి నుంచి ఈ చివరికి ఉరికొచ్చి, వంగి చూసి, మైకు అక్కర్లేకుండానే అరిచింది. "గీడ గూడ రెండే ఉన్నయి! అన్న అబద్ధం జెప్పిండు!"

హాల్లో నవ్వులు లేచాయి. ముందు వరుసలో పాల వ్యాపారం చేసే మైసయ్య కూర్చున్నాడు. ఆయన లేచి నిలబడి, "ఆఖర్న రెండుంటె సరి సంఖ్య గద సార్? రెండుతోని పోతది. మా పోరగాడు మొన్ననే సదివిండు," అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. సరి సంఖ్య ఎంత పెద్దదైనా రెండుతో పోతుందని రెండో తరగతి పిల్లలకు కూడా తెలుసు. మూడు దగ్గర నేను సంతకం పెట్టి దాచిన అబద్ధం పోయి పోయి రెండు దగ్గర బయటపడింది. నా సంతకమేమో శాలువా మీద నేసిన సంఖ్యకు ఉంది.

జలపతి సార్ ముఖం ఎర్ర పోగుకంటే ఎర్రగా అయింది. "ఎవ్వడు నేసిండు గీ శాలువా? నా నంబర్ ఖరాబు జేసిన్రు!" అని సంపత్ మీద విరుచుకుపడ్డాడు. సంపత్ రెండడుగులు వెనక్కి వేశాడు. రాజవ్వ మాత్రం కొంగు బొడ్లో దోపుకుని వేదిక ఎక్కి, మైకు సార్ చేతిలోంచి తీసుకుంది.

"సార్, లొల్లి జెయ్యకున్రి. అంచుకు ఒంటి పోగు ఆగదు. గందుకే అటొకటి ఇటొకటి నేనే ఎక్కువ ఏసిన. మా అవ్వ కాడికెల్లి ఎవ్వలైన అంచుకు జంట పోగే ఏస్తరు. తెల్లది ఇడ్వమంటె మీరే వద్దన్నరు. గా రెండు పోగులు మీ లెక్కల రావు, అవి నాయి. మీ నంబర్‌ది నడుమ ఎనభై ఒక్క పోగులు. గవి నేను నా చేతుల మూడు మూడు దీసిన. ఇర్వై ఏడు పట్లు. ఒక్కటంటె ఒక్కటి మిగల్లే."

అయిపోయింది అనుకున్నాను. ఇంతకంటే విడమరిచి ఎవరు చెబుతారు? మూడు మూడు తీస్తే ఏమీ మిగల్లేదని, మైకులో, పెద్ద స్పీకర్లలో, నాలుగు వందల మంది చెవుల్లో చెప్పింది. ఎవరో ఒకరు లేస్తారు, అయితే మూడుతో పోతుంది కదా అంటారు అని వెనక వరుస దాకా చూశాను.

చప్పట్లు కొట్టారు. నేత పనివాళ్ల కష్టానికి అట. శ్రీధర్ సార్ కళ్లు తుడుచుకున్నాడు. ఇద్దరు ముగ్గురు ఆమెతో సెల్ఫీ దిగారు.

రికార్డుల కోటాయన గడియారం చూసుకుని, "లెక్కల మేడం ఏమంటారు? అంచు పోగులు తీసేస్తే ప్రధాన సంఖ్యేనా?" అన్నాడు. జలపతి సార్ మైకు నాకు ఇస్తూ, దాని మూతి అరచేత్తో మూసి, చిన్నగా అన్నాడు.

"ఫైలు కార్ల ఉన్నది మేడం. తాళంచెవి నా జేబుల ఉన్నది."

రాజవ్వ నా పక్కనే నిలబడి ఉంది. నువ్వు చెప్పు బిడ్డా, నీకు ఎరుకే గదా అన్నట్టు నవ్వుముఖంతో చూస్తోంది. నేను ఆమె వైపు చూడలేదు. "అంచు పోగులు లెక్కలోకి రావండీ. అవి బలానికి వేసినవి," అన్నాను. అది నిజమే. "సంఖ్యకు నేను సంతకం పెట్టాను," అన్నాను. అదీ నిజమే. రెండు నిజాలు కూడి ఒక నిఖార్సయిన అబద్ధం తయారు చేశాను, ఎమ్మెస్సీ ఊరికే చేశానా?

మళ్లీ చప్పట్లు. ఫ్రేము మీది కాగితం చింపారు. శాలువా కోటాయన భుజం మీద కప్పారు, ఆయన దాన్ని మడిచి సంచీలో పెట్టుకుని ఇడ్లీల రికార్డుకు పోయాడు. రాజవ్వ దిగి పోతూ నా చెయ్యి ఒకసారి పట్టుకుని, "నువ్వన్న చెప్తవనుకున్న బిడ్డా," అంది. కోపంగా కూడా అనలేదు. జలపతి సార్ మాట మీద నిలబడ్డాడు, అది ఒప్పుకోవాలి. కారు తాళం తీసి ఫైలు చేతిలో పెట్టాడు.

ఇరవై నాలుగున జగిత్యాలలో నా వంతు ఏడు నిమిషాల్లో అయిపోయింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ముగ్గురిలో ఒకరిని తీసుకున్నారు, నన్నే. మా అమ్మ వీధంతా సేమియా పంచింది. నాకు ధర్మపురి దగ్గర ఒక ఊళ్లో పోస్టింగ్. జగిత్యాల మీదుగా రోజూ బస్సు, దిగాక కొంచెం నడక. గేటు మీద ఏ అంకెలూ లేని బడి. మొదటి నెల హాయిగా గడిచింది. ఏడో తరగతికి భాజనీయతా సూత్రాలు చెప్పాను, మూడుతో పోతుందో లేదో తెలియాలంటే అంకెలన్నీ కూడాలని పిల్లల చేత పాట పాడినట్టు అనిపించాను.

మర్నాడు గంగోత్రి అనే పిల్ల ఒక జనరల్ నాలెడ్జ్ పుస్తకం పట్టుకొచ్చింది. వాళ్ల నాన్న జగిత్యాల బస్టాండులో కొనిచ్చాడట. వేలు పెట్టి చదివింది. "శాలువాపై నేసిన ప్రపంచపు తొలి ప్రధాన సంఖ్య ఏది? జవాబు: 12345678987654321. దీనిని ధ్రువీకరించిన గణిత శాస్త్రవేత్త: తరన్నుమ్, కోరుట్ల."

గణిత శాస్త్రవేత్త. మా అమ్మ వింటే మళ్లీ సేమియా పంచేది.

"మేడం, గీ అంకెలు కూడిన. ఎనభై ఒకటి అచ్చింది. మూడుతోని పోతది. మల్ల ప్రధాన సంఖ్య ఎట్లయితది?"

"కాదు బిడ్డా."

"నేను గూడ గదే అనుకున్న." పిల్ల ముఖం వెలిగిపోయింది. నా దగ్గరికి జరిగి, రహస్యంగా అంది. "గీమెది మీ పేరే ఉన్నది మేడం. కని గీమెకు కూడుడు రానట్టుంది."

తప్పించుకునే దారి తనే తెరిచి పెట్టింది. అవునమ్మా, కోరుట్లలో ఎవరో ఇంకొకరు, అంటే సరిపోయేది. తరన్నుమ్‌లు కోరుట్లలో వీధికొకరున్నారు. నోటిదాకా వచ్చింది. రాజవ్వ చెయ్యి గుర్తొచ్చింది.

"గా తరన్నుమ్‌ను నేనే," అన్నాను.

గంగోత్రి నన్ను చూసింది, పుస్తకం చూసింది. "మీకు... గప్పుడు తెల్వకుండెనా మేడం?"

"తెలుసు."

ఎందుకని అడుగుతుందని చూశాను. బీరువా గురించి, డీఎస్సీ గురించి, వయసు గురించి జవాబు సిద్ధం చేసుకున్నాను, మంచి జవాబే, మీకు ఇందాక చెప్పినదే. ఆ పిల్ల అది అడగనే లేదు. "పరీక్షల గిదే ప్రశ్న అస్తే ఏం రాయాలె? పుస్తకంల ఉన్నదా, కూడితే అచ్చిందా?" అంది.

"కూడితే వచ్చిందే రాయి."

"మార్కులు పోతయి గద మేడం."

"పోతాయి," అన్నాను.

గంగోత్రి పుస్తకం తీసుకుని తన చోటికి పోయి, వంగి పెన్సిల్‌తో ఏదో రాసుకుంది. నేను ఆ రోజు పాఠం చెప్పాను, ఏం చెప్పానో గుర్తులేదు. లెక్కలు ఇచ్చి బెంచీల మధ్య తిరుగుతూ ఆ పిల్ల దగ్గరికి వచ్చినప్పుడు పుస్తకం తెరిచే ఉంది. 'ప్రధాన సంఖ్య' అన్న మాట కొట్టేసి పైన 'మూడుతో పోతుంది' అని రాసింది. కింద నా పేరు కొట్టేయలేదు. దాని పక్కన గుండ్రటి అక్షరాలతో ఇంకో మాట రాసి ఉంది.

"మేడంకు ముందే తెలుసు."